ట్యాంకు నిండితే డీజిల్ కారుతుంది, తగ్గితే ఇంజను ఆగుతుంది: ఒక బోటు ఇంధన పైపు కేసు

గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగకు దగ్గరలోని ఒక రేవులో జరిగిన పని ఇది. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. రేవు పేరు, బోటు నంబరు, మనుషుల వివరాలు వదిలేశాను. ఇంజను ఏ కంపెనీదో కూడా చెప్పడం లేదు, ఎందుకంటే ఈ తంటాకు కంపెనీతో సంబంధం లేదు. చెక్క బోటులో ఇంజను ఉండి, దానికి రాగి పైపు ఉంటే చాలు, ఎవరికైనా రావచ్చు.

బోటు

కాకినాడ నుంచి యానాం, భైరవపాలెం వరకూ రేవుల్లో కనిపించే మామూలు చెక్క మరబోటు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. లారీ ఇంజనునే సముద్రపు పనికి మార్చిన రకం. అమరం వైపు, అంటే వెనక వైపు, ఇంజను గది. డీజిల్ ట్యాంకు గది ముందున్న అడ్డపలకకు అవతల ఉంది. ట్యాంకు పైభాగం ఇంజను మీది ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) కంటే ఎత్తుగా ఉంటుంది, అడుగు భాగం పంపు కంటే కిందికి ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాత చెప్పేదంతా తేలికగా అర్థమవుతుంది.

ట్యాంకు నుంచి 12 మిల్లీమీటర్ల రాగి పైపు అడ్డపలక దాటి వచ్చి, పలకకే బిగించిన క్లాంపు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి జానెడు దూరం ఏ ఆధారమూ లేకుండా వచ్చి ఫీడ్ పంపుకు తగులుకుంటుంది. పంపు నుంచి ఫిల్టర్లకు, అక్కడి నుంచి ఎఫ్ఐ పంపుకు (డీజిల్‌ను గట్టిగా నొక్కి పంపే ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు), దాని నుంచి ఉక్కు ప్రెజర్ పైపుల ద్వారా, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు డీజిల్ వెళుతుంది. నాజిళ్ల దగ్గర మిగిలింది రిటర్న్ పైపులో ట్యాంకుకు తిరిగి వస్తుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బోట్లను గట్టుకు లాగి మరమ్మతులు చేసుకునేది అప్పుడే. ఈ బోటును కూడా ఆ విరామంలో గట్టెక్కించారు. పుచ్చిన పలకలు మార్చారు, సందుల్లో పత్తి కూరారు, ఇంజను దించి మళ్లీ ఎక్కించారు. వేట మొదలైన కొద్ది రోజులకే బాధ మొదలైంది.

వచ్చిన ఫిర్యాదు

యజమాని ఫోనులో చెప్పింది ఒకటే మాట: "డీజిల్ కారిపోతోంది మేస్త్రీ గారూ, పైపు చూడాలి." రేవుకు వెళ్లాక డ్రైవరు ఇంకొకటి చెప్పాడు, ఇంజను నడిసముద్రంలో ఆగుతోందని. యజమాని ఉద్దేశంలో ఇవి రెండు జబ్బులు. అందుకే ఇద్దరు మెకానిక్కులు వచ్చి వెళ్లారు, ఒకరు కారడానికి, మరొకరు ఆగడానికి.

నేను డ్రైవరును పక్కకు కూర్చోబెట్టి అడిగాను, ఏ రోజు కారుతుంది, ఏ రోజు ఆగుతుంది అని. అతను కాసేపు ఆలోచించి ఇలా చెప్పాడు: "ట్యాంకు నింపుకుని బయలుదేరిన రోజు ఇంజను బంగారంలా నడుస్తుందండీ, కింద వాసన మాత్రం భరించలేం. రెండు రోజులు పోయాక వాసన ఉండదు. అప్పుడిక ఊపు తగ్గడం, గుర్రు గుర్రుమనడం, ఆగిపోవడం. తెల్లవారి స్టార్టు చేయాలంటే గాలి తీయందే పలకదు."

సగం కేసు అతని మాటల్లోనే ఉంది. నేను ఇంకా స్పానరు బయటికి తీయలేదు.

అంతకు ముందు చేసినవి

మొదటి మెకానిక్కు తడి కనిపించిన చోటల్లా పని చేశాడు. ఫీడ్ పంపు దగ్గర బాంజో బోల్టుల (లోపలి నుంచి డీజిల్ పోయే బోలు బోల్టులు) రాగి వాషర్లు మార్చాడు. మరల మీద తెల్ల టేపు చుట్టాడు. అడ్డపలక దగ్గర పైపు వంపు ఎప్పుడూ తడిగా ఉంటోందని అక్కడ ఎపాక్సీ ముద్ద పెట్టాడు. ముద్ద పెట్టిన మర్నాడు కారడం ఆగింది, ఆ తర్వాత ముద్ద అంచు నుంచే చుక్కలు పడ్డాయి. డీజిల్ తడిసిన లోహానికి ఏ ముద్దా గట్టిగా పట్టుకోదు. పట్టినా, కదిలే పైపు మీద గట్టిపడిన ముద్ద పగలక మానదు.

టేపు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఫ్లేర్ జాయింటులో (పైపు చివర గరాటులా విప్పి నట్టుతో బిగించేది), బాంజోలో సీలు అయ్యేది మర కాదు, లోహం లోహానికి ఆనుకునే ముఖం. మర మీద టేపు చుట్టడం వల్ల ఏమీ రాదు. పోయేది మాత్రం ఉంది: బిగించినప్పుడు టేపు అంచు చిరిగి పోగులు లోపలికి పోతాయి. ఈ బోటులో ఫీడ్ పంపు జాలీ విప్పితే తెల్ల పోగులు వెంట్రుకల్లా చుట్టుకుని ఉన్నాయి. దాటి వెళ్లి ఉంటే వాటి తర్వాతి మజిలీ ఫిల్టరు. ఫిల్టరు సరిగా కూర్చోకపోతే ఎఫ్ఐ పంపు.

రెండో మెకానిక్కు ఆగిపోవడం మీద పడ్డాడు. ఫిల్టర్లు మార్చాడు, ఫీడ్ పంపుకు కొత్త కిట్టు వేశాడు, నాజిళ్లు కాకినాడ పంపి పరీక్ష చేయించాడు. నాజిళ్లు బాగానే ఉన్నాయని తేలింది. అతని పనిలో తప్పు పట్టేదేమీ లేదు. ఇంజను ఆగిపోతుంటే ఎవరైనా అదే వరసలో వెళతారు. కాకపోతే అతనికి డీజిల్ కారుతున్న సంగతి ఎవరూ చెప్పలేదు, అంతకు ముందే ముద్ద పెట్టి ఉంది.

వెతికిన తీరు

నా ముందు నాలుగు అనుమానాలు ఉన్నాయి. ప్రెజర్ పైపు కారితే ఇంజను నడుస్తున్నప్పుడే కారాలి, అది చుక్కగా కాక తుంపరగా పడాలి. రిటర్న్ పైపు కారినా ఇంజను నడిచేటప్పుడే ఎక్కువ కారాలి. ట్యాంకు అతుకు కారితే ఇంజనుతో పని లేకుండా కారుతుంది, కానీ ఇంజనుకు గాలి ఇవ్వదు. మిగిలింది ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనున్న పైపు.

ఆ పైపుకు ఒక విచిత్రం ఉంది. ట్యాంకులో డీజిల్ మట్టం పంపు కంటే ఎత్తులో ఉన్నంత కాలం పైపులో ఒత్తిడి బయటికి ఉంటుంది. పెద్ద ఒత్తిడేమీ కాదు, మీటరు ఎత్తు డీజిల్ ఇచ్చేది ఒక బారులో పన్నెండో వంతు. అయినా చిన్న పగులు నుంచి చుక్కలు కారడానికి అది చాలు. మట్టం పంపు కంటే కిందికి దిగాక పంపు పీల్చుకుంటేనే డీజిల్ వస్తుంది, పైపులో ఒత్తిడి లోపలికి మారుతుంది. అదే పగులు ఇప్పుడు చుక్క కూడా కార్చదు, గాలి పీలుస్తుంది. ఎఫ్ఐ పంపు డీజిల్‌ను నొక్కగలదు. గాలి చేరితే ఆ గాలే నలిగిపోతుంది, నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. డ్రైవరు చెప్పిన రెండు బాధలూ ఒకే పగులు నుంచి రావచ్చు.

రావచ్చు అనుకోవడం వేరు, చూపించడం వేరు. ముందు ఇంజను గది అడుగు శుభ్రం చేయించాను. అడుగున చేరిన నీళ్ల మీద డీజిల్ తేలుతోంది. దాన్ని అలాగే పంపుతో కాలువలోకి తోడేయడం రేవుల్లో అలవాటు. మడ చెట్ల వేళ్ల మధ్య రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగే నీళ్లవి. మిల్లు నుంచి రెండు బస్తాల ఊక తెప్పించి చల్లించాం, ఊక డీజిల్‌ను బాగా పీల్చుకుంటుంది. దాన్ని ఎత్తి బస్తాల్లో కట్టి గట్టుకు చేర్చాం. ఇది పుణ్యం కోసం చేసిన పని మాత్రమే కాదు. తడిసిన చోట కొత్త తడి కనిపించదు. పైగా డీజిల్ నిండిన గదిలో పని చేయడం నాకు ఇష్టం లేదు. డీజిల్ పెట్రోలులా భగ్గుమనదని అందరూ ధీమాగా ఉంటారు. తుంపరగా మారి, చుట్టూ చల్లబరిచే నీళ్లు (నీటి జాకెట్టు) లేని ఎగ్జాస్టు మానిఫోల్డు, అంటే ఇంజను పొగ బయటికి పోయే గొట్టం మీద పడితే అగ్గిపుల్ల అక్కర్లేదు, సుమారు 210 డిగ్రీలు దాటితే దానంతట అదే అంటుకుంటుంది. లోడు మీద ఉన్న మానిఫోల్డుకు ఆ వేడి ఒక లెక్క కాదు.

తర్వాత సుద్ద. సుద్దపొడి నీళ్లలో కలిపి పైపు పొడవునా, జాయింట్ల చుట్టూ పూసి ఆరనిచ్చాం. డీజిల్ తగిలితే తెల్లదనం బూడిద రంగుకు తిరుగుతుంది. ట్యాంకు నింపించి కూర్చున్నాం. మొదటి మెకానిక్కు ముద్ద పెట్టిన వంపు దగ్గర చుక్క కనిపించింది, కానీ సుద్ద మీద తడి చార దాని కంటే పైన, క్లాంపు లోపలి నుంచి మొదలైంది. డీజిల్ పైపు ఒంటిని పట్టుకుని దిగి, అన్నింటికంటే పల్లంలో ఉన్న వంపు దగ్గర చుక్కగా మారుతోంది. వంపుకు ఏ పాపమూ తెలియదు.

గాలి సంగతి వేరే తేల్చాలి. ఫీడ్ పంపుకు వచ్చే పైపు విప్పి, బదులుగా ఒక డీజిల్ క్యాను ఎత్తులో కట్టి దాని నుంచి నేరుగా పంపుకు గొట్టం పెట్టాం. ఇంజను గంటసేపు తడబడకుండా నడిచింది. అంటే పంపు, ఫిల్టర్లు, నాజిళ్లు అన్నీ నిర్దోషులు. పాత పైపు మళ్లీ తగిలించి, మధ్యలో జానెడు పారదర్శకమైన గొట్టం ముక్క పెట్టి, ట్యాంకు మట్టం తగ్గించి నడిపితే అందులో బుడగలు వరస కట్టాయి. ఆ గొట్టం అలాగే ఉంచేయమని యజమాని అడిగాడు, గాలి వస్తే కళ్లకు కనిపిస్తుంది కదా అని. ఒప్పుకోలేదు. ఆ ప్లాస్టిక్కు డీజిల్‌లో నాని కొన్నాళ్లకు బిరుసెక్కి క్లిప్పు కింద వదులవుతుంది. నిప్పు పుడితే మొదట కరిగేది అదే. కరిగితే పైనున్న ట్యాంకు మొత్తం ఆ మంట మీదికే దిగుతుంది.

చివరగా పైపును రెండు వైపులా విప్పి, ఒక చివర మూసి, రెండో చివర సైకిలు ట్యూబు వాల్వు బిగించి సైకిలు పంపుతో కొద్దిగా గాలి ఎక్కించాం. కంప్రెసరు వాడలేదు. ఇంత తక్కువ ఒత్తిడిలో పనిచేసే పైపుకు అంత గాలి కొడితే లేని పగులు కూడా పుడుతుంది. సబ్బు నురగ పూశాం. ఏమీ లేదు. ఒక్క బుడగ కూడా లేదు. అక్కడ చాలామంది పైపు బాగుందని తేల్చేస్తారు. కానీ ఆ పైపు సముద్రంలో ఇలా కదలకుండా ఉండదు. నా సహాయకుణ్ణి పంపు వైపు చివర పట్టుకుని, ఇంజను ఊగినట్టు పైకీ కిందికీ మెల్లగా కదపమన్నాను. పైకి ఎత్తినప్పుడు క్లాంపు అంచు కింద నురగ ఉబ్బింది, దించగానే అణిగింది. క్లాంపు విప్పి చూస్తే పైపు చుట్టుకొలతలో మూడో వంతు మేర వెంట్రుక మందాన పగులు. రాగి అక్కడ మెరుపు పోయి గరుకుగా ఉంది.

తాత్కాలికంగా వేసిన పైపు

యజమాని గ్యాస్ వెల్డింగు పెట్టించేద్దాం అన్నాడు. వద్దన్నాను. అతుకు దగ్గర వేడికి రాగి మెత్తబడుతుంది, దాని పక్కన కంపనానికి బిరుసెక్కిన రాగి అలాగే ఉంటుంది. మెత్తదీ బిరుసుదీ కలిసే గీత దగ్గర మళ్లీ పగులుతుంది. మంచి ఇంధన హోసు (వంగే గొట్టం) అప్పటికి చేతిలో లేదు, తెప్పించడానికి వ్యవధి కావాలి. బయట చూస్తే నిషేధం ముగిసి వేట ఊపందుకుంది, పక్క బోట్లు నిండుగా వస్తున్నాయి. బోటు ఆపమంటే వినే మనిషి ఎవరూ ఉండరు.

అందుకని కొత్త రాగి పైపు వేసి, పంపు దగ్గర ఒక చుట్టు తిప్పి వదిలాను, ఊపు చుట్టు మీద పంచుకుంటుందని. ఫ్లేర్లు కొత్తగా తీశాను. క్లాంపు లోపల రబ్బరు పెట్టాను. ఇది తాత్కాలికమని, హోసు వచ్చేదాకానేనని యజమానికి చెప్పాను. ట్యాంకు సగానికి తగ్గకముందే నింపుకోమని డ్రైవరుకు చెప్పాను. మట్టం పంపు పైనే ఉంటే పైపు పగిలినా కారుతుంది తప్ప ఇంజను నడిసముద్రంలో ఆగదు.

హోసు చేతికి వచ్చే లోపే కొత్త పైపు కూడా చెమర్చింది. ఈసారి పగులు ఫ్లేరు నట్టు వెనక వచ్చింది. చోటు మారింది, తీరు అదే.

అసలు సంగతి

పాత పైపు ఏళ్ల తరబడి పనిచేసింది. కొత్తది, దానికంటే జాగ్రత్తగా వేసింది, నెల కూడా నిలవలేదు. అలాంటప్పుడు పైపును తిట్టి లాభం లేదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే రాగీ తెగుతుంది, ఎన్నిసార్లు వంచారన్నదే లెక్క. అడ్డపలక బోటుది, పంపు ఇంజనుది. రెండింటి మధ్య జానెడు పైపు. ఇంజను ఎంత కదిలితే అంతా ఆ జానెడే మోయాలి. మరి ఈ ఏడాది ఇంజను ఎందుకంత కదులుతోంది?

షాఫ్టు అలైన్‌మెంటు, అంటే ఇంజనూ పంకాను తిప్పే షాఫ్టూ ఒకే గీతలో ఉన్నాయా అన్నది, ఎప్పుడు చూశారని అడిగితే, ఇంజను ఎక్కించిన రోజు గట్టు మీదే చూశామన్నారు. గుట్టు అక్కడ ఉంది. చెక్క బోటు ఎండలో రెండు నెలలు గట్టున ఉంటే పలకలు ఎండి ముడుచుకుంటాయి. నీళ్లలో దింపాక నాని ఉబ్బుతాయి. గట్టు మీద బరువు దిమ్మెల మీద ఉంటుంది, నీళ్లలో ఒళ్లంతా పరుచుకుంటుంది. వెన్ను ఆకారం కొద్దిగానైనా మారుతుంది. గట్టు మీద గీత గీసినట్టు కుదిరిన షాఫ్టు నీళ్లలో కుదరదు, తిరిగేటప్పుడు ఇంజనును ఊపేస్తుంది. తాళ్లరేవు వైపు పాత వడ్రంగులకు ఇది పాఠం చెప్పనవసరం లేని విషయం. ఇంజను బిగించే కుర్రాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

బోటు బాగా నానిందని నమ్మకం కుదిరాక, వేటకు వెళ్లే రోజు ఉండేంత ఐసు, డీజిల్ ఎక్కించి, అప్పుడు ఇంజనునూ షాఫ్టునూ కలిపే కప్లింగు బోల్టులు తీసి రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టాం. కప్లింగు వ్యాసం అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు తేడా వరకు ఒప్పుకోవచ్చని మా పనిలో లెక్క. ఆరంగుళాల కప్లింగుకు అది సుమారు 0.15 మిల్లీమీటర్లు. ఇక్కడ పైన ముఖాలు ఆనుకుని ఉన్నాయి, కింద 0.6 మిల్లీమీటర్ల సందు ఉంది. అంటే ఇంజను ముక్కు పైకి లేచింది. దానికి తోడు ముందు పాదాల్లో ఒకదాని బోల్టు చేత్తో తిరిగింది. విప్పితే పాదం కింద దుంగ నూనెకు నాని మెత్తబడి నలిగిపోయి ఉంది.

నలిగిన చెక్క తీసి టేకు ముక్క పొదిగించాం. పైన ఉక్కు పలక వేసి బోల్టు మార్చాం. ముందు పాదాల కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని రేకులు) తీస్తూ, నాలుగు వైపులా కొలుస్తూ, 0.15 లోపలికి తెచ్చాం. ఈ పనికి ఓపిక కావాలి. ఒక బోల్టు బిగిస్తే ఇంకో చోట సందు మారుతుంది. మళ్లీ మొదటి నుంచి కొలవాలి. పూర్తయ్యాక ఇంజను నడిపితే డ్రైవరు మొదట చూసింది గేజీలను కాదు, గది పైన పెట్టుకున్న టీ గ్లాసును. దాని మూత గలగలమనడం ఆగింది.

పైపు మళ్లీ వేయడం

అప్పుడు పైపు. ట్యాంకు నుంచి అడ్డపలక వరకు రాగే ఉంచాను. అక్కడ ఏదీ కదలదు, రాగి ఎన్నేళ్లయినా ఉంటుంది, ఎలుకా కొరకదు. పలక నుంచి పంపు వరకు మాత్రం నిప్పును తట్టుకునే ఇంధన హోసు, ఐఎస్ఓ 7840 ముద్ర ఉన్నది, చివరలు యంత్రం మీద నొక్కించినది. రెండు చేతుల జానల పొడవు, కొద్దిగా వంపుతో. బిగుతుగా లాగి పెడితే హోసు పెట్టిన ఫలితమే ఉండదు. ఎగ్జాస్టుకు దూరంగా, పదునైన అంచు తగలకుండా తిప్పాం. పంపు దగ్గర కొత్త రాగి వాషర్లు వేశాం. టేపు ఎక్కడా లేదు.

ట్యాంకు కాక్ (డీజిల్ ఆపే కుళాయి) తిప్పి చూస్తే బిగుసుకుపోయి ఉంది. అన్నాళ్లు ఆ కారే పైపును మూయడానికి బోటులో దారే లేదన్న మాట. కొత్తది వేసి, ఇంజను గదిలోకి దిగకుండానే చేయి అందేలా పెట్టాం. ఖర్చు తగ్గించమని యజమాని బేరమాడిన ఒకే ఒక్క వస్తువు ఇది. నేను తగ్గనిది కూడా ఇదే.

గాలి తీసి, మళ్లీ సుద్ద పూసి, ఒకసారి ట్యాంకు నిండుగా, ఇంకోసారి బాగా తగ్గించి నడిపాం. సుద్ద తెల్లగానే ఉంది. తగ్గిన మట్టంలో కూడా ఇంజను ఊపు మారలేదు. ఆ సీజను చివరి వరకు ఫిర్యాదు రాలేదు.

ఈ కేసు తర్వాత

నష్టం ఎంతో యజమానికి లెక్క కట్టి చూపించాను, ఎందుకంటే "చుక్కే కదా" అన్నాడు మొదట్లో. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. సెకనుకో చుక్క పడితే గంటకు 180 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగు లీటర్ల పైమాట. ఆ లెక్క విన్నాకే కొత్త కాక్ గురించి బేరం ఆగింది.

ఇంధన పైపు కారుతోందని ఎవరు పిలిచినా నేను ఇప్పుడు మొదట అడిగేది, ట్యాంకు నిండినప్పుడు ఏం చేస్తోంది, తగ్గినప్పుడు ఏం చేస్తోంది అని. రెండు జవాబులూ వేరుగా ఉంటే ఫీడ్ పంపుకు ముందున్న పైపు మీదికే వెళతాను. ఒకేలా ఉంటే పంపు అవతల వెతుకుతాను. అవతల వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: ప్రెజర్ పైపు తుంపరను చేత్తో తడిమి చూడకూడదు. నాజిల్ 200 బార్ల చుట్టుపక్కల తెరుచుకుంటుంది. ఆ పైపులో సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, లోపల వేలు కుళ్లిపోవచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. అలా ఎవరికైనా గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి, డీజిల్ ఎక్కిందని డాక్టరుకు చెప్పి మరీ చూపించాలి.

పైపు ఒకే తీరున రెండోసారి పగిలితే మూడోది వేసే ముందు కప్లింగు విప్పుతాను. విరామంలో గట్టెక్కిన బోట్ల యజమానులకు, నీళ్లలో దించి నానాక అలైన్‌మెంటుకు ఇంకొకసారి పిలవమని ముందే చెబుతున్నాను. కొందరు పిలుస్తున్నారు. వేట మొదటి వారంలో పిలిచే ఓపిక మిగతావాళ్లకు ఉండదు.

ఈ బోటులో రిటర్న్ పైపు ఇంకా పాతదే. దాని క్లిప్పుల కింద తుప్పు చూశాను, రాసి యజమాని చేతికిచ్చాను. వచ్చే నిషేధంలో ఇంజను దించినప్పుడు మారుస్తాం.